సబ్బుపెట్టె చెవి

సూరయ్య మావ మంచం దిగడం లేదని తెలిసి మొన్నొక ఆదివారం గమ్హరియా వెళ్ళాను. మా నాన్నతో కలిసి రోలింగ్ మిల్లులో పనిచేసినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. నాకు నిజంగా మావేమీ కాడు. కానీ శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చిపడిన మావాళ్ళందరూ ఒకరికొకరు మావలూ, బావలూ, పిన్నులూను. మనవడి ఇంట్లో ముందుగదిలో పడుకోబెట్టారు ఆయన్ని. చెవులు బొత్తిగా పోయాయి. ఇప్పుడు పోవడమేమిటి, మా నాన్నకి పోయినట్టే మిల్లులో ఉండగానే పోయాయి. నేను మంచం పట్టె మీద కూర్చుని వీధి వీధంతా వినబడేలా గొంతు చించుకుంటున్నాను. "మావా, నేను పార్వతిని! అగ్రికో పార్వతిని! గుర్తున్నానా?" ఆయన నా ముఖంకేసి కాసేపు చూసి, ఈగని తోలినట్టు చెయ్యి విసిరాడు.

"అరుత్తావేటే గుంటా, నానేటి కొండమీదున్నానా? హిందీలో సెప్పు. కనబడతాది."

కనబడటమేమిటో నాకు అర్థం కాలేదు. కాస్త వేళాకోళంగానే, గొంతు పైకి రానివ్వకుండా పెదాలు మాత్రం కదిపి, అదే ప్రశ్న హిందీలో వేశాను. ఆయన టక్కున తెలుగులో జవాబిచ్చాడు. "మరేటి? మిల్లులో ఎవుడి మాట ఎవుడికి ఇనబడిందే తల్లీ? ఆ మోతలో నోరు సూసుకునే మాటాడుకునీవోళ్ళం. ఒరియావోడు, బిహారోడు, మనోడు, అందరికీ హిందీయే కదా. హిందీ నోరైతే నాకు పొల్లు పోదు. తెలుగు నోరు నాను సూసిందెక్కడ? దాంతో ఏటీ తెలీదు. మీ అయ్యా అంతే. మీ అయ్య నాకన్నా గట్టోడు. పైన క్రేన్లో ఉన్నోడి నోరు కిందనుంచి సదివేసీవోడు. నీకు తెలీదేటి?"

తెలీదు. అరవై దాటినదాన్ని, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలీదు. మనవడి భార్య ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ డ్రైవరు ఏదో అడుగుతూనే ఉన్నాడు, నేను ఏం చెప్పానో గుర్తులేదు. ఆ రోజు నుంచి నా మనసు నా దగ్గర లేదు. కూర తరుగుతున్నా, బట్టలు మడతపెడుతున్నా, ఎదురుగా ఇనపకుర్చీలో మా నాన్న కూర్చుని నా నోటికేసే చూస్తున్నట్టు ఉంటుంది. నోరు మూసుకుని పని చేసుకుంటున్నాను. ఎవరితోనైనా మాట్లాడాలంటే భయం వేస్తోంది, నిజంగానే.

అగ్రికో కాలనీలో మా క్వార్టరు రెండు గదులు, ముందు వరండా, వెనక పెరడు. పెరట్లో బొగ్గుల పొయ్యి పొగ, ఎండుచేపల వాసన, అమ్మ చుట్ట వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. ఊరంతా ప్లాంటు సైరన్ మోతకి లేచేది, తినేది, పడుకునేది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మగవాళ్ళు పగలు పడుకుంటే ఆ ఇళ్ళల్లో పిల్లలు పిల్లుల్లా నడవాలి. గిన్నె జారిందంటే వీపు విమానం మోతే. మా ఇంట్లో ఆ బెడద లేదు. నాన్న ముందుగదిలో పడుకుని ఉంటే పక్కన డోలక్ వాయించినా కదలడు. అందుకని ఆ చుట్టుపక్కల వయసు పిల్లలందరికీ మా ఇల్లే అడ్డా అయిపోయింది. వినాయకచవితి నాటకం రిహార్సలు మా వరండాలోనే. చర్చివాళ్ళ క్రిస్మస్ పాటల ప్రాక్టీసూ మా వరండాలోనే. దుర్గాపూజ పందిరి దగ్గర ఏ గ్రూపు డాన్సు చెయ్యాలన్నా ముందు మా గచ్చు మీద నాలుగు గెంతులు గెంతి చూసుకోవాల్సిందే. ఒకాయన చెవులు పోబట్టి ఇంతమందికి సందడి దొరికింది. అప్పుడు మాకు అది అదృష్టంలాగే ఉండేది, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

ఆ సందడంతటికీ నడిమధ్యన నేను. పెళ్ళికూతురికి పూలజడ వెయ్యాలంటే పార్వతి, నాటకంలో మాట మర్చిపోయినవాళ్ళకి తెర వెనకనుంచి అందించాలంటే పార్వతి, సాక్చి బజారుకి చీర ఎంపికకి తోడు వెళ్ళాలంటే పార్వతి. కాదనడం నాకు చేతకాదు, చేతకాకపోవడం కూడా కాదు, పిలిస్తే నాకు ఇష్టం. మా వెనక వరసలో ఉండే మాస్టారి కూతురు గ్రేస్ నా ప్రాణస్నేహితురాలు. క్రైస్తవులు, కాకినాడ వైపువాళ్ళు. మేమిద్దరం పక్కపక్కన లేని రోజు ఆ వీధికి తెల్లారేది కాదు. ఇంట్లో అమ్మతో తెలుగు, మిగతా అంతా హిందీయే. పోట్లాటా హిందీలోనే, రహస్యాలూ హిందీలోనే. అమ్మకి ఆ భాష ముక్క రాదు, రానివ్వదు. "ఆ బాస నా కొంపలో మాటాడితే నోట్లో నిప్పెట్టెత్తాను" అనేది. అంటున్నప్పుడు నిప్పు ఆవిడ నోట్లోనే ఉండేది. మా వైపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, చుట్ట వెలిగించి నిప్పు కొస నోటి లోపలికి పెట్టుకుని. అమ్మ పెదాలు బిగించి చుట్ట పట్టుకుని, ఆ బిగింపులోంచే వీధి చివరిదాకా వినబడేలా మాట్లాడగలదు. బియ్యం ఏరుతూ, గిన్నెలు తోముతూ, తిడుతూ, ఏ పని చేస్తున్నా ఆ చుట్ట పెదాలు దాటి వచ్చేది కాదు.

నాన్న మాత్రం మా హిందీని ఒక్కనాడూ ఏమీ అనలేదు. సాయంత్రం మేం చేరగానే ఇనపకుర్చీ తెచ్చుకుని మాకు ఎదురుగా, వరండా బల్బు వెలుగు మా ముఖాల మీద పడేలా చూసుకుని కూర్చునేవాడు. మేం నవ్వితే నవ్వేవాడు. పాపం, పిల్లలు నవ్వుతున్నారని నవ్వుతున్నాడు అనుకునేవాళ్ళం. కరెంటు పోతే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. దోమలకి కాబోలు అనుకునేవాళ్ళం. ఎన్ని అనుకున్నామో తల్లీ!

అమ్మ ఆయన్ని పిలిచే పద్ధతి వేరు. చిన్నప్పటినుంచి ఒకే వాకిట్లో పెరిగిన మేనరికం వాళ్ళది. పెళ్ళికి ముందూ, తర్వాతా "బావా" అనే పిలిచేదట. ఆ పిలుపు ఆయన చెవికి ఎక్కడం మానేశాక ఆవిడ కొంగుముడిలో చింతపిక్కలు పెట్టుకుంది. నాన్న అటు తిరిగి కూర్చుని ఉంటే గురిచూసి ఒక పిక్క వీపు మీదికి విసిరేది. ఆయన వెనక్కి తిరిగేవాడు. అన్నానికి రమ్మని చేత్తో సైగ చేసేది. వచ్చేవాడు. మాకు అది ఆట. అమ్మ గురి చూసి గ్రేస్ చప్పట్లు కొట్టేది. ఒకరోజు పక్క క్వార్టరు ఆడమనిషి గోడ మీదుగా చూసి, మొగుణ్ణి రాళ్ళతో కొడుతుందని నలుగురిలో చెప్పి నవ్విందట. అమ్మ ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. మా అమ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. "ఓలే, నువ్వు ఆ రేడియో సదువేదో సదువుతన్నావు కదా. మీ అయ్యకి ఇనబడీది ఏటైనా సెయ్యవే. నాకు కబుర్లొద్దు, కాకరకాయలొద్దు. ఎనకనుంచి బావా అని పిలిత్తే తిరగాల. అంతే" అంది.

రేడియో చదువంటే, పోస్టులో పాఠాలు పంపించే కోర్సు ఒకటి కట్టాను నేను. అన్నయ్య కోసం తెప్పించారు, వాడు విప్పి కూడా చూడలేదు, నేను లాక్కున్నాను. నాన్నని అంతకుముందే చెవుల డాక్టరుకి చూపించారు. లోపల నరం చచ్చిపోయింది, మిషను పెట్టినా లాభం లేదు అన్నాడట ఆయన. డాక్టరుకేం తెలుసు, నేను చేసి చూపిస్తాను అన్నాను. ఆ వయసులో ఎవరూ నా కళ్ళకి ఆనలేదు లెండి. మైసూరు సబ్బు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఖాళీ చేసి, అందులో ఇమిడేలా మూడు ట్రాన్సిస్టర్లు, ఒక చిన్న మైకు, రెండు పెన్సిలు సెల్లులు, ట్రాన్సిస్టర్ రేడియోకి వచ్చే చెవిగుండీ ఒకటి పెట్టాలని ప్లాను. మైకులో పడిన మాట పెద్దదై చెవిలో వినబడాలి. కాగితం మీద ఎంత తేలికో. పెరట్లో పీట వేసుకుని కూర్చుని, పొయ్యిలో అతుకులేసే ఇనపకాడ కాల్చుకుని సీసం కరిగించి అతికేదాన్ని. దానికి వాడే గుగ్గిలం పొగ సాంబ్రాణి వాసన వేసేది. అమ్మ మొదటిరోజు "శుక్కురోరం కాదు కదే, సాంబ్రాణి ఎవులేసేరు?" అని కంగారుపడింది.

మొదటిసారి సెల్లు పెట్టగానే ఆ పెట్టె కూసింది. మామూలు కూత కాదు, కుక్కపిల్ల తోక తొక్కినట్టు ఒకటే కుయ్యిమంటూ పొడుగ్గా. చెవిగుండీ మైకుకి దగ్గరగా వస్తే దాని చప్పుడు అదే విని, అదే పెద్దది చేసుకుని, అదే మళ్ళీ వింటుందన్నమాట. దూరం చేస్తే కూత ఆగేది, మాటా ఆగిపోయేది. ఒక వైరు మారిస్తే బరబర, ఇంకొకటి మారిస్తే ఏమీ లేదు, శ్మశానం. రేపు చూద్దాం అనుకుని లేచేలోపల గేటు దగ్గర ఎవరో ఒకరు. "పారూ, జల్దీ, పెళ్ళివారు వచ్చేశారు!" కాడ పొయ్యిలోనే వదిలేసి పరుగెత్తేదాన్ని. తిరిగొచ్చేసరికి కొస మాడిపోయి ఉండేది. మర్నాడు మళ్ళీ కూర్చుంటే నాటకంలో రాణి వేషం అమ్మాయికి జ్వరమట, మాటలు నాకే వచ్చు కాబట్టి నేనే వెయ్యాలిట. కిరీటం పెట్టుకుని పెరట్లో సీసం అతికిన ఆడపిల్ల ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ట్రాన్సిస్టరు కాళ్ళు ఎక్కువ వేడి తగిలితే చచ్చిపోతాయి. నేను కబుర్లు చెబుతూ చంపినవాటికి లెక్కలేదు. సాక్చిలో రేడియో రిపేరు చేసే బెంగాలీ బాబు నన్ను చూడగానే "మళ్ళీ చంపావా అమ్మా?" అనేవాడు.

"ఊరందరికీ పలుకుతావు, నాను సెప్పిన పనికే నీకు తీరదు" అని అమ్మ సణిగేది. సణుగుతూనే నా పక్కన టీ గ్లాసు పెట్టేది. ఒక్కోసారి పెట్టెని చేతిలోకి తీసుకుని, దాని చెవిలో అన్నట్టు మెల్లగా ఏదో అనేది. ఏమంటున్నావమ్మా అంటే "దీనికీ సెముడే" అని నవ్వేది. ఆ నవ్వు వెనక ఆశ నాకు కనబడేది. కనబడ్డ ప్రతిసారీ, రేపటినుంచి ఎవరు పిలిచినా వెళ్ళను అని ఒట్టు పెట్టుకునేదాన్ని. రేపటికి ఎవరో ఒకరు పిలిచేవారు.

ఆ రోజుల్లోనే నాకొక సంబంధం వచ్చింది. వాడికి ఖరగ్‌పూర్లో రైల్వే ఉద్యోగం, మంచి కుటుంబం, అందరికీ నచ్చింది. నాకు వాడు మాట్లాడే తీరే నచ్చలేదు. ఆ సాయంత్రం నాన్నకి ఎదురుగా కూర్చునే, గ్రేస్‌తో హిందీలో వాణ్ణి కడిగిపారేశాను. వాడి మీసం, వాడి గొంతు, నన్ను చూస్తూ వాడు పళ్ళు కుట్టుకోవడం అన్నీ చెప్పి, వీణ్ణి చేసుకునే బదులు ఖర్కాయి నదిలో దూకడం నయం అన్నాను. మర్నాడు పొద్దున్నే నాన్న డ్యూటీ బట్టలు వేసుకుంటూ, మధ్యవర్తి ఇంటికి కబురు పంపించమన్నాడు. "ఆ సమ్మందం ఒగ్గీండి. ఆడి సూపు నాకు నచ్చనేదు." అంతే. అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. నేను దేవుడున్నాడు అనుకుని సాక్చి గుళ్ళో కొబ్బరికాయ కొట్టాను. మొన్న రాంచీలో ఉన్న గ్రేస్‌కి ఫోన్ చేసి సూరయ్య మావ చెప్పింది చెబితే, "బాప్ రే! ఆయన ముందు మనం ఏమేం మాట్లాడుకున్నామే పారూ!" అంది. అరవయ్యేళ్ళు దాటి మనవరాళ్ళున్న నాయనమ్మ, సిగ్గుతో ఫోను పెట్టేసింది.

చివరికి ఆ కూతని లొంగదీశాను. మైకు చుట్టూ బూట్ల పెట్టెలో వచ్చిన మెత్తని స్పాంజి కుక్కి, చెవిగుండీ తీగ పొడుగు చేసి, నాటకం లేని, పెళ్ళిళ్ళు లేని ఒక మూఢం నెలలో పట్టుబట్టి కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం నేనే చెవిలో పెట్టుకుంటే, పెరటి చివర అమ్మ బియ్యం చెరుగుతున్న చప్పుడు నా తలలో వానలా పడింది. లేచి గెంతాను. గ్రేస్ అప్పుడే వచ్చింది, క్రిస్మస్ పాటలకి నన్ను తీసుకెళ్ళడానికి. ఆగవే అన్నాను. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. సబ్బుపెట్టె ఆయన చొక్కా జేబులో పెట్టి, గుండీ చెవిలో దూర్చాను. ఆయన దాన్ని తడుముకుని, నాకేసి చూసి, చంటిపిల్లాడిలా కూర్చున్నాడు. గ్రేస్, నేను ఆయనకి ఎదురుగా నేల మీద. అమ్మ ఆయన వెనక గుమ్మంలో.

అమ్మ చేతులు తుడుచుకుంది. నోట్లోంచి చుట్ట తీసింది. పెళ్ళికూతురికి ఉన్నంత సిగ్గు ఆవిడ ముఖంలో. "బావా" అంది, మాకే సరిగ్గా వినబడలేదు. నాన్న మమ్మల్నే చూస్తున్నాడు. "ఓ బావా!" అంది గట్టిగా. ఆయన కనురెప్ప కూడా కదలలేదు. మూడోసారి పిలిచింది. అమ్మ చెయ్యి అలవాటుగా కొంగుముడి మీదికి పోవడం చూశాను. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గ్రేస్‌కేసి కూడా తిరగకుండా, నాన్న ముఖం చూస్తూనే, గొణుక్కున్నట్టు హిందీలో అన్నాను. "అమ్మా పీఛే సే బులా రహీ హై గ్రేస్, ఇన్‌కో సునాయీ నహీఁ దే రహా." వెనకనుంచి అమ్మ పిలుస్తోంది, ఈయనకి వినబడటం లేదు అని. ఆ మాట నా నోటి చివర ఉండగానే నాన్న కుర్చీలో గిర్రున వెనక్కి తిరిగాడు.

"ఏటే, పిలిసేవా?"

అమ్మ అక్కడే గుమ్మంలో కూలబడిపోయి ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. కొంగుముడి విప్పి చింతపిక్కలన్నీ పెరట్లోకి విసిరేసింది. "ఈటితో నాకింక పన్నేదు!" అని గోడ అవతలి ఆవిడకి వినబడేలా అరిచింది. ఆ సాయంత్రం మా ఇంట్లో మిరపకాయ బజ్జీలు. గ్రేస్ పాటల ప్రాక్టీసు సంగతే మర్చిపోయింది, వాళ్ళ నాన్నగారు వెతుక్కుంటూ వచ్చి ఆయనా బజ్జీలు తిన్నారు. డాక్టరు చెయ్యలేనిది నేను చేశాను. ఆ గర్వంతోనే నేను తర్వాత ట్రైనింగ్ స్కూల్లో ఎలక్ట్రానిక్స్ చెప్పే ఉద్యోగానికి అర్జీ పెట్టాను, అదే నమ్మకంతో జీవితమంతా చెప్పాను. ఎంతమంది పిల్లలకి ఆ సబ్బుపెట్టె కథ చెప్పి ఉంటానో.

నేను పెళ్ళయి అదే ఊళ్ళో కద్మాలో కాపురం పెట్టాక ప్రతి ఆదివారం అగ్రికో వెళ్ళేదాన్ని. నాన్న జేబులో సబ్బుపెట్టె, చెవిలో గుండీ. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. అమ్మ లోపలినుంచి "బావా, కూడు" అనేది. నాకు అలవాటు, అమ్మ పిలిచిందంటే పిల్లలతో అని తీరతాను. "చలో చలో, నానీ ఖానే కో బులా రహీ హై." పదండి, అమ్మమ్మ అన్నానికి పిలుస్తోంది అని. నాన్న తిరిగేవాడు, "వత్తన్నానే" అనేవాడు. నేను లేనప్పుడు ఎలా ఉందమ్మా అని అడిగితే, అమ్మ చుట్ట బిగింపులోంచి నవ్వేది. "నువ్వు లేనప్పుడు దానికి ఒళ్ళు బద్దకం." నేను సెల్లు తగ్గిందనుకుని కొత్తవి వేసేదాన్ని. వైరు సరిచేసేదాన్ని. ఆదివారం బాగానే ఉండేది.

చివర్లో అమ్మ నోరు పుండైపోయింది. చుట్ట మానెయ్యమన్నారు, మానేసింది, కానీ అప్పటికే మాట రావడం కష్టమైంది. ఒక మధ్యాహ్నం ముందుగదిలో మంచం మీద పడుకుని ఉంది. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో, ఆవిడకి ఎదురుగా. సబ్బుపెట్టె తీగ తెగిపోతే బాగుచేద్దామని నా చేతిసంచిలో వేసుకున్నాను, ఆయన చెవిలో ఏమీ లేదు. అమ్మ ఆయనకేసి చూసి పెదాలు కదిపింది. గొంతు లేదు, గాలి కూడా లేదు. "ఇధర్ ఆవో." ఇటు రా అని, హిందీలో. నోట్లో నిప్పెడతానన్న మా అమ్మ. ఆయన లేచి వచ్చి మంచం మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. జ్వరం మాట అనుకున్నాను. ముసలమ్మ చివరికి హిందీ నేర్చిందని తర్వాత చుట్టాలకి చెప్పి నవ్వాను కూడా.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు చెవుల్లో తెల్లటి గింజలు పెట్టుకుని తిరుగుతారు. తీగల్లేవు, కూతల్లేవు, ఎక్కడో దేశాంతరాన మాట్లాడినా వినబడుతుంది. వంటింట్లోంచి నేను పిలిస్తే మాత్రం ఒక్కరూ తిరగరు. నాకూ కుడిచెవి మందగించింది. సూరయ్య మావ దగ్గర్నుంచి వచ్చాక అటక మీంచి ఆ సబ్బుపెట్టె దించాను. స్పాంజి పొడి అయి రాలిపోయింది. తుప్పు గీకి కొత్త సెల్లులు పెట్టాను. కూసింది, అదే కూత. వెనక్కి తగ్గలేదు ఇన్నేళ్ళయినా. చెవిలో పెట్టుకుని కూర్చున్నాను, నొప్పి పుట్టేదాకా. డాక్టరు చెప్పింది నిజమైతే నాన్నకి ఈ కూత కూడా వినబడి ఉండదు. ఊరందరి హిందీ అర్థమయ్యే మనిషికి పెళ్ళాం మాట ఒక్కటే అందలేదన్న సంగతి ఆవిడకి తెలియకూడదని, పనికిరాని పెట్టెని జేబులో మోశాడు, పోయేదాకా. నాన్నని తలుచుకుని బాగా ఏడ్చాను. పోనీలే, అమ్మ అయినా నమ్మింది, ఆ నమ్మకంతో వెళ్ళిపోయింది అనుకున్నాను.

నిన్న ఇల్లు ఊడుస్తూంటే చీపురు కింద ఏదో గలగలమంది. మనవడి గోళీ. చేతిలోకి తీసుకున్నాను, అంతే, చీపురు పక్కన పడేశాను. అగ్రికో వరండా నేను ఆదివారం ఊడ్చినప్పుడల్లా నాన్న కుర్చీ కాళ్ళ దగ్గర ఇలాగే గలగలమనేవి, చింతపిక్కలు. చింతపండు దంచినప్పుడు ఎగిరిపడ్డాయనుకుని ఎత్తిపోసేదాన్ని. వారం వారం. అమ్మ చింతపండు దంచేది పెరట్లో కదా అని ఒక్కసారి తోచలేదు నాకు, ఎలక్ట్రానిక్స్ టీచరమ్మకి. పెట్టె పనిచెయ్యదని ఇద్దరికీ తెలుసు. వారమంతా ఆవిడ పిక్క విసిరేది, ఆయన తిరిగేవాడు. ఆదివారం నా కోసం ఒకరు పిలిచేవారు, ఒకరు వినేవారు. అమ్మ హిందీ ఎప్పుడు, మా నోళ్ళు చూసే నేర్చుకుందో ఏమో. మా నాటకాల్లో వేషాలు కట్టిన ఒక్కరికీ అంత నటన రాలేదు, నాకసలే రాలేదు.

ఆ ఆదివారాల్లో గేటు గొళ్ళెం తీసుకుని నేను లోపలికి వస్తూంటే అమ్మ చేతిలో ఉన్నవేవో గబగబా కొంగున ముడేసుకునేది. "ఏటమ్మా అవి?" అని అడిగాను ఒకసారి. "వక్కలే, నీకేటికి" అంది. మా అమ్మ జన్మలో వక్క నమలలేదు.